తొక్కమని రాసిన చెక్క

1978. జెబెల్ అలీలో రేవు కడుతున్న రోజులు. రేవు వెనకాల ఇసుకలో సరుకు దాచే గోడౌన్లు వరసగా లేస్తున్నాయి. వాటిలో కొన్నింటి కాంట్రాక్టు ఒక కొరియా కంపెనీది. నేను అందులో సేఫ్టీ క్లర్కుని. నెల్లూరు వాణ్ణి, పేరు ఖాదర్ బాషా. సేఫ్టీ క్లర్కు అంటే ఏం చేస్తాడని ఇప్పటికీ అడుగుతుంటారు. పైన పనిచేసేవాడు కింద పడకుండా, కింద పనిచేసేవాడి నెత్తిన ఏదీ పడకుండా చూడాలి. పడితే ఎందుకు పడిందో టైపు కొట్టి ముదీర్‌కి, అంటే మేనేజరుకి, ఇవ్వాలి. ఇందులో చూడటం ఒక వంతు, టైపు కొట్టడం ఒక వంతు, మిగతాదంతా అరవటమే. నా గొంతు ఇలా బొంగురుపోయింది అక్కడే. మా ఆవిడ మాత్రం అది పుట్టుకతో వచ్చిందే అంటుంది.

కొరియా వాళ్ళ దగ్గర పనిచేసిన వాళ్ళెవరిని అడిగినా వాళ్ళ పని వేగం గురించి చెబుతారు. నేను వాళ్ళ రాత గురించి చెబుతాను. అంతగా రాసే మనుషుల్ని నేను మళ్ళీ చూడలేదు. సున్నాలూ నిలువు గీతలూ అడ్డగీతలూ గళ్ళలో పేర్చినట్టుండే అక్షరాలు. సుద్దతో, బొగ్గుతో, మేకుతో, ఏది దొరికితే దానితో రాసేవాళ్ళు. పైపు మీద రాత, డ్రమ్ము మీద రాత, బూటు అడుగున రాత, క్యాబేజీ పచ్చడి జాడీ మీద రాత. ఇంజనీరే కాదు, వంటవాడు రాసేవాడు, కాంక్రీటు కలిపేవాడు రాసేవాడు. వాళ్ళ దేశం నుంచి పేపరు వస్తే అందరి చేతులూ తిరిగి చివరికి వంటింటికి చేరేది. వంటవాడు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివి, ఆ పేపరే కింద పరిచి దాని మీద చేపలు తోమేవాడు.

అక్కడే నాకు చిక్కొచ్చింది. రాస్తే చాలు, చెప్పినట్టేనని వాళ్ళ నమ్మకం. మా కప్పు పనికి మేస్త్రీ హాన్ అనే ఆయన. వాళ్ళ భాషలో మేస్త్రీని బన్‌జాంగ్ అంటారు, మనవాళ్ళు హాన్ సాబ్ అనేవాళ్ళు. యాభై ఏళ్ళ మనిషి, పొట్టి, నోట్లో ఎప్పుడూ ఆరిపోయిన సిగరెట్టు. ఏదన్నా తప్పు జరిగితే గోడ మీది రాత చూపించి, రాశాను కదా అనేవాడు. మనవాళ్ళలో సగం మందికి చదువు రాదయ్యా అంటే, ఇంగ్లీషు రాకపోతే వాళ్ళ భాషలో రాయించు అన్నాడు. వాళ్ళ భాషలో రాసినా చదవలేరు అన్నాను. ఆయన నా వంక ఎలా చూశాడంటే, నేను నా వాళ్ళ మీదే చాడీలు చెబుతున్నట్టు. మాట్లాడే భాషను చదవలేని మనిషి ఉంటాడా అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు. మధ్యాహ్నం మెస్సుకి రా, వరసగా కూర్చోబెట్టి చూపిస్తానన్నాను. రాలేదు. నమ్మనూ లేదు.

ఇక అసలు సంగతి. ఆ గోడౌన్ల కప్పుకి సిమెంటు రేకులు వేస్తున్నాం. సిమెంటు రేకు చూడటానికి గట్టిగా ఉంటుంది గానీ మనిషి బరువు మొయ్యదు. కింద అడ్డంగా ఇనప దూలాలుంటాయి, వాటిని పర్లిన్లంటారు. రెండు పర్లిన్ల మధ్య రేకు మీద కాలు పెడితే అప్పడంలా విరుగుతుంది. కింద కాంక్రీటు నేల. అందుకని రేకుల మీద పొడవాటి చెక్కలు పరుస్తాం, వాటి పేరు క్రాలింగ్ బోర్డులు. చెక్క మీద నడిస్తే బరువు పర్లిన్ల మీదికి పోతుంది. కప్పు మీద సేఫ్టీ అంటే ఇంతే, చెక్క దిగకుండా నడవటం.

రేకులు మోసే గ్యాంగు మన తెలంగాణ వాళ్ళు, ఆరుగురు. వాళ్ళలో పెద్దవాడు రాజయ్య, జగిత్యాల పక్క పల్లె. నలభైకి దగ్గర. మాట తక్కువ, మెడ గట్టిది. తక్కిన అయిదుగురూ అతను కాలు పెట్టిన చోటే కాలు పెట్టేవాళ్ళు. కొడుకుని జగిత్యాల హాస్టల్లో పెట్టి హైస్కూలు చదివిస్తున్నాడు. ఆ చదువు కోసమే దుబాయ్ వచ్చానని, అది పూర్తయ్యేదాకా ఇంటి మొహం చూడనని చెప్పేవాడు. నెలల తరబడి ఆ చెక్కల మీద ఆ ఆరుగురూ తాడు మీద నడిచేవాళ్ళలా చక్కగా నడిచారు. నేను వాళ్ళ మీద అరవాల్సిన అవసరమే రాలేదు.

ఇంతలో కాంక్రీటుకి చెక్క అచ్చులు కట్టే షట్టరింగ్ వాళ్ళు ఒకటి రెండు చెక్కలు ఎత్తుకుపోయి బల్లలుగా వాడుకున్నారు. హాన్‌కి ఒళ్ళు మండింది. ఒక సాయంత్రం కూర్చుని, నల్ల రంగుతో ప్రతి చెక్క మీదా ఈ చివర నుంచి ఆ చివర దాకా వాళ్ళ అక్షరాలు పెద్దవిగా రాసేశాడు. అర్థమేమిటని అడిగితే, ఇక్కడ అడుగు వెయ్యండి, అన్నాడు. పని తనిఖీకి వచ్చే కన్సల్టెంటు, ఒక ఇంగ్లీషాయన, చూసి మెచ్చుకుని ఫోటో కూడా తీసుకున్నాడు. హాన్ ఆ రోజంతా సిగరెట్టు వెలిగించే తాగాడు.

మర్నాటి పొద్దున కప్పు వంక చూశాను. రాజయ్య నెత్తి మీద రేకు పెట్టుకుని చెక్కకి పక్కగా, రేకుల మీద, కింద పర్లిన్ ఉందని చెప్పే బోల్టుల వరస వెంబడి నడుస్తున్నాడు. వెనకాల అయిదుగురూ అలాగే. చెక్క మాత్రం ఖాళీగా ఉంది. దిగిరమ్మని కేకలేశాను. దిగి తల వంచుకుని నిలబడ్డారు. నిన్నటి దాకా చక్కగా నడిచినవాళ్ళకి ఈ రోజు ఏం పుట్టిందని తిట్టాను. మరిచిపోయిన సాబ్, అన్నాడు రాజయ్య. ఎక్కి మళ్ళీ అలాగే నడిచాడు. హాన్ చూశాడు. మొదటి వార్నింగ్ రాశాడు. మా కంపెనీలో మూడు వార్నింగులకి ఖరూజ్. అంటే వీసా రద్దు, విమానం ఎక్కించి ఇంటికి.

రెండోది వారం తిరక్కుండానే వచ్చింది. రాజయ్య కాలు బోల్టుల వరస తప్పింది. రేకు విరిగి తొడ దాకా దిగబడ్డాడు. అదృష్టం బాగుండి రెండో కాలు పర్లిన్ మీద ఆగింది. హాన్ చెక్క మీద బోర్లా పడుకుని చంకల్లో చేతులు వేసి పైకి లాగాడు. లాగి, ఆయాసం తీరకముందే వాళ్ళ భాషలో తిట్టటం మొదలెట్టాడు. ఆ చెక్కనే చేత్తో చరుస్తూ, ఇక్కడ రాసుంది, ఇక్కడ రాసుంది అంటున్నాడని నాకు అర్థమయింది. రాజయ్య మాత్రం ఆ చేతి వంక భయంగా చూస్తున్నాడు, ఏదో అపచారం జరుగుతున్నట్టు.

కాలికి కట్టు కట్టిస్తూ మళ్ళీ అడిగాను. అప్పటికి నా ఓపిక చచ్చిపోయింది.

"ఏందయ్యా రాజయ్యా, చెక్క మీద నడవమంటే రేకు మీద నడస్తావేంది? చావాలని ఉందా నీకు? ఇంకోటి రాస్తే ఇంటికి పంపించేస్తారు, తెలుసునా?"

 కట్టు వంక చూస్తూ మెల్లగా అన్నాడు.

"అక్షరాలున్నయి సాబ్. ఎట్ల తొక్కాలె?"

నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. అవి మన అక్షరాలు కావయ్యా, కొరియా వాళ్ళవి, వాళ్ళే తొక్కుతున్నారు చూడు అన్నాను.

"ఎవలయితేంది సాబ్, సదువు సదువే గదా. నేను సదువు తొక్కుకుంట తిరిగితే ఆడ పోరనికి సదువెట్ల వస్తది?"

 కాయితానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే జాతి మనది. ఆ అలవాటు నాకూ ఉంది. సైటంతా గాలికి ఎగిరే సిమెంటు బస్తాల ముక్కల మీద అరబీ అక్షరాలుండేవి. కాళ్ళ కింద పడితే ఏరి తెచ్చి, నా క్యాబిన్‌లో చెక్క గోడ సందులో ఎత్తుగా దోపేవాణ్ణి. ఖురాను రాసిన అక్షరాలు కదా, నేల మీద ఎలా వదిలేస్తాం? కాబట్టి రాజయ్యని వెర్రివాడా అనటానికి నాకు నోరు రాలేదు. కోపం మాత్రం తగ్గలేదు. భక్తి భక్తే గానీ, విరిగే రేకు మీద భక్తేమిటి?

హాన్ దగ్గరకెళ్ళి రాత చెరిపెయ్యమన్నాను. సేఫ్టీ క్లర్కు వచ్చి సేఫ్టీ రాత చెరపమంటాడా అని ఎగిరిపడ్డాడు. కన్సల్టెంటు ఫోటో కూడా తీసుకున్నాడు, ఇప్పుడు చెరిపితే నువ్వు జవాబు చెబుతావా అన్నాడు. సరే, చెక్క అంచున రాయి, మధ్యలో వదిలెయ్యి అన్నాను. కాలు పెట్టాల్సింది మధ్యలో కదా, అంచున రాస్తే అంచున పెడతారు అన్నాడు. అదీ నిజమే. ఇటు వచ్చి రాజయ్యని బతిమాలితే అటు చదువుల తల్లి, అటు వెళ్ళి హాన్‌ని బతిమాలితే ఇటు ఇంగ్లీషాయన. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. పైగా ఆ రోజే స్టోరు బయట సిమెంటు బస్తాలు సముద్రపు చెమ్మకి గడ్డకడుతున్నాయని ఇంకో గొడవ. ఆరుబయట ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని ముదీర్ మా అందరి ప్రాణాలూ తోడేస్తున్నాడు. తల ప్రాణం తోకకొచ్చింది.

ఆఖరికి విసుగెత్తి హాన్‌కి ఉన్నమాట చెప్పేశాను. వాడు పొగరుతో తొక్కకుండా లేడు, నీ రాతకి దణ్ణం పెడుతున్నాడు అన్నాను. మావాళ్ళకి అక్షరం దేవుడితో సమానం, కాలు తగలనివ్వరు అన్నాను.

హాన్ సిగరెట్టు నోట్లోంచి తీశాడు. అక్కడ ఏం రాసుందని అనుకుంటున్నాడు అని అడిగాడు. ఏం రాసుందో వాడికి తెలియదన్నాను. తెలియకుండానే దణ్ణమా అన్నాడు. తెలియదు కాబట్టే అన్నాను, విసుగులో నోటికొచ్చిన మాట. ఆయన ఇసుక బస్తా మీద కూర్చుండిపోయాడు.

వాళ్ళమ్మ సంగతి చెప్పటం మొదలెట్టాడు. మా ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు ముక్కలూ, అరబీ ముక్కలూ, సైగలూ కలిపితే నాకు అర్థమైంది ఇదీ. వాళ్ళ దేశంలోనూ ఒకప్పుడు రాత అంటే చీనా అక్షరాలే, పెద్దింటి మగవాళ్ళ సొత్తు. మామూలు జనం నోరులేని వాళ్ళలా ఉన్నారని చూసి, ఎప్పుడో వాళ్ళ రాజొకడు ఈ తేలిక అక్షరాలు చేయించాడట. పండితులు వీటిని ఆడవాళ్ళ రాత అని తీసిపారేశారట. తర్వాత జపాను వాళ్ళు ఏలిన రోజుల్లో చివరికి బళ్ళలో కొరియా భాషే లేకుండా పోయింది. హాన్ తల్లి బడికే వెళ్ళలేదు. వంటింట్లో పొయ్యి ముందు బూడిద పరిచి, వాళ్ళక్క పుల్లతో రాసి చూపిస్తే నేర్చుకుంది. ఎవరన్నా వస్తున్న చప్పుడైతే కాలితో చెరిపేసేదట. అడుగు కదిపి కాలితో చెరుపుతున్నట్టు చూపించాడు. నా తల్లి కాలితో చెరిపి చెరిపి నేర్చుకున్న అక్షరాలు, వాటికి దణ్ణం పెట్టి ఒక మనిషి చస్తానంటే నేనేం చెయ్యాలి అన్నాడు. ఆయన గొంతులో కోపం పోయింది గానీ ముదీర్ మూడో వార్నింగ్ కాయితం సిద్ధం చేసి ఉంచాడని, తను ఆపలేనని కూడా చెప్పాడు. ముదీర్ ఆ వారం కప్పు చూడటానికి వస్తున్నాడు. ఆ రోజు రాజయ్య చెక్క దిగితే అంతే.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళ హాన్ ఆ ఆరుగురినీ షెడ్డు నీడలో కూర్చోబెట్టాడు. ఒక ప్లైవుడ్ ముక్క నేల మీద పెట్టి సుద్దతో రాయటం మొదలెట్టాడు. నేను నెత్తి కొట్టుకున్నాను. కాయితం మీద చెక్క బొమ్మ, కాలి బొమ్మ గీసి నేను గంటలకొద్దీ చెప్పిన వాళ్ళకి ఈయన కొరియా అక్షరాభ్యాసం చేస్తాడట. ఎండకి మతి పోయిందనుకున్నాను. అదే మాట మొహం మీదే అన్నాను కూడా. హాన్ పట్టించుకోలేదు. ఈ గీత నాలుక పైకి లేచినట్టు, ఈ గడి పెదాలు మూసినట్టు అని నోరు తెరిచి వేలితో చూపిస్తూ, ఒక్కొక్క ముక్క పలికించాడు. చెక్క మీద రాసిన ఆ రెండు మూడు మాటలే, ఇంకేమీ లేదు. రాసింది కాలితో చెరిపి మళ్ళీ రాయి అన్నాడు. రాజయ్య కాలితో చెరపలేదు. భుజం మీది తువ్వాలతో తుడిచాడు. ఆ విషయంలో హాన్ కూడా ఓడిపోయాడు.

అయిదుగురూ ఆవలింతలు తీసి లేచిపోయారు. రాజయ్య లేవలేదు. ఆ రోజూ, మర్నాడూ, ఆ మర్నాడూ అన్నం తినేసి వచ్చి కూర్చున్నాడు. పేరు రాయమంటే వేలిముద్ర వేసే మనిషి, సుద్దముక్క ఉలిలా పట్టుకుని ఆ సున్నాలూ గీతలూ పేర్చటం చూశాను. ఎంత నేర్చుకున్నాడో నాకు తెలియదు. నమ్మకం మాత్రం లేదు.

ముదీర్ వచ్చిన పొద్దున గాలి ఎక్కువగా ఉంది. కప్పు మీద ఒక చివర ముదీర్, హాన్, నేను. నిచ్చెన చివర రాజయ్య తల కనిపించింది. నెత్తిన రేకు. ఎక్కి చెక్క ముందు ఆగాడు. వెనకాల అయిదుగురూ నిచ్చెన మీద వరసగా ఆగిపోయారు. ముదీర్ చేతి గడియారం చూసుకున్నాడు. రాజయ్య తల కదిలించటానికి లేదు, నెత్తిన బరువుంది. కళ్ళు మాత్రం కిందికి దించి, పెదాలు కదిపాడు. ఒక్కొక్క గడీ కూడబలుక్కుంటున్నాడు. కొడుకు చదువంతా ఆ చెక్క మీద ఉంది, అది నాకూ తెలుసు, అతనికీ తెలుసు. నడువయ్యా బాబూ అని లోపల్లోపల అనుకుంటున్నాను. ఇంతలో కాలెత్తి సరిగ్గా అక్షరాల నడిమధ్య పెట్టాడు. రెండో కాలూ పెట్టాడు. ఆగకుండా ఈ చివర దాకా నడిచి వచ్చి రేకు దించాడు. వెనకాల అయిదుగురూ అతని అడుగుల్లోనే వచ్చేశారు. ముదీర్ దేని కోసం వచ్చాడో మరిచిపోయినట్టు బోల్టులు తడిమి చూసి దిగిపోయాడు. హాన్ మొహం పక్కకి తిప్పుకుని సిగరెట్టు వెతుక్కున్నాడు.

కిందికి దిగాక రాజయ్యని పట్టుకున్నాను. ఇన్నాళ్ళూ నా ప్రాణం తీశావు, ఈ రోజు ఎలా తొక్కావు, పాపం అంటలేదా అన్నాను.

"ఏం రాసున్నదో ఎర్క లేనప్పుడు మొక్కిన సాబ్. ఇప్పుడు సదివిన. తొక్కుమని అదే చెప్తాంది. చెప్పినంక కూడ తొక్కకపోతే, దాని మాట ఇననట్టే గదా."

ఇంతటితో నా గొడవ తీరిందనుకున్నాను. తీరితే నా ఉద్యోగం సేఫ్టీ క్లర్కు ఎందుకవుతుంది? తక్కిన అయిదుగురికీ చదువు రాలేదు కదా, రాజయ్య చదివి వినిపిస్తేనే అడుగు వేస్తామన్నారు. రోజూ పొద్దున నిచ్చెన ఎక్కగానే రాజయ్య ఆ చెక్క మీది మాటలు కొరియా భాషలో పైకి చదివేవాడు, పద్యం చదివినట్టు రాగం తీసి. అయిదుగురూ విని, అప్పుడు కదిలేవాళ్ళు. యల్లా యల్లా, కదలండి కదలండి అని కింద నుంచి నేను అరుస్తుంటే, పూర్తి కానియ్యి సాబ్ అనేవాళ్ళు. హాన్ కూడా చివరిదాకా వినేవాడు. పలుకు తప్పితే దిద్దేవాడు కూడా. ఇద్దరూ కలిసి నన్ను చంపుకు తిన్నారు.

కప్పు పని ముగిసే రోజుల్లో రాజయ్య చేతి తొడుగుల కోసం నా క్యాబిన్‌కి వచ్చాడు. గోడ సందులో నేను దోపిన అరబీ ముక్కల వంక చూశాడు. చదివే అలవాటు కొత్తగా అంటుకున్నవాడు కదా, కనిపించిందల్లా అడుగుతున్నాడు అప్పట్లో.

"గీ కాయితాలల్ల ఏమున్నది సాబ్?"

నెల్లూరులో మసీదు బడిలో నేర్చుకున్న చదువు నాకుంది. ఒక ముక్క తీసి గడగడా చదివి వినిపించాను. రాజయ్య శ్రద్ధగా విన్నాడు.

"మంచిగ సదివినవ్ సాబ్. ఏమంటాంది?"

 అక్షరాలు వచ్చు, పలకటం వచ్చు, కళ్ళకద్దుకోవటం వచ్చు. అది ఏమంటున్నదో తెలియదు. రాజయ్య తొడుగులు తీసుకుని వెళ్ళిపోయాడు.  సాయంత్రం నీళ్ళ ట్యాంకరు తెచ్చే పాలస్తీనా డ్రైవరుకి ఆ ముక్క చూపించి అర్థం అడిగాను. దీనికి నా దగ్గరికి రావాలా అన్నట్టు చూసి, చెప్పాడు. బస్తాలు చెమ్మ తగలనివ్వకండి, కప్పు కింద పెట్టండి.

ఏ సిమెంటు కోసం ముదీర్ మా ప్రాణాలు తోడాడో ఆ బస్తాల ముక్క అది. నెలల తరబడి రోజుకొకటి ఏరి, దుమ్ము దులిపి, నా తలకంటే ఎత్తున భద్రంగా దాచాను. ఆ ముక్కల్ని ఇప్పటికీ పారెయ్యలేను, చెయ్యి రాదు. కానీ ఆ తర్వాత పాతికేళ్ళు చేసిన సేఫ్టీ పనిలో, ఏ భాషలో బోర్డు పెట్టినా ముందు ఒక మనిషిని పిలిచి, ఇది ఏమంటున్నదో నీ నోటితో చెప్పు అని అడిగాను. చెప్పలేకపోతే అక్కడ బోర్డు లేనట్టే లెక్క. ఆ రేవులో మాత్రం, మేం కట్టిన కప్పుల కింద చోటుండగా, ఆ బస్తాలన్నీ ఆరుబయట బండరాళ్ళయి కూర్చున్నాయి.